గండికోట దారిలో పచ్చిపటములు



యాత్ర యనగా దైవదర్శనమో, బంధుదర్శనమో యగుట మన యిండ్ల పరిపాటి. గడచిన కార్తికమున మేము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల మీదుగా చేసిన నాలుగు దినముల యాత్రకు ఆ రెండును గాక మూడవ కారణ మొకటి కలదు. దానిని చెప్పుకొనుటకు మాకు కొంచెము సిగ్గుగా నున్నను, చెప్పక యీ కథ ముందునకు సాగదు.

మా తల్లిగారు మూడేండ్ల క్రిందట స్వర్గస్థులైరి. పెద్దకర్మ నాటికి గోడకు తగిలించుటకై ఆమె చిత్రము కావలసి వచ్చి, యింటనున్న ఫోనులన్నియు వెదకితిమి. చిత్రములకు కొదువ లేదు. పెండ్లిండ్లలో, పేరంటములలో, గుడి వాకిళ్ళలో తీసినవి వందకు పైగా దొరకినవి. కాని వానిలో నేదియు మా యమ్మ కాదు. ఆమె నుదుటి మడతలు లేవు. కుడి చెంపపై చిన్ననాడు నూనె చింది పడిన మచ్చ లేదు. ఎండలో వడియములు పెట్టి పెట్టి కమలిన ఆ చామనచాయ యసలే లేదు. పాలరాతి బొమ్మకు మా యమ్మ చీర కట్టినట్లుండెను. ఫోనులోని "అందము" అను మీటను తెరచి, మరల మూయక మరచినవారము మేమే. తప్పు యంత్రముది కాదు, మాది. అంతకంటె మంచిది లేక ఆ చిత్రమునే పెద్దది చేయించి గోడకు వ్రేలాడదీసితిమి.

పులివెందులలో మా మేనత్తగారున్నారు. వయస్సు ఎనుబదిమూడు. అమ్మకు జరిగినది అత్తకు జరుగరాదని మేము నిశ్చయించుకొంటిమి. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులగుటచే సెలవులకు కనిపెట్టుకొని యుండి, పండ్రెండేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని, మువ్వురమును కడపనుండి బస్సులో బయలుదేరితిమి.

మొదటి మజిలీ ప్రొద్దుటూరు. పెన్నానది యొడ్డున నున్న యీ పట్టణము బంగారు వర్తకమునకును, వస్త్ర వ్యాపారమునకును పెట్టినది పేరు. రెండవ బొంబాయి యని చుట్టుప్రక్కలవారు ముచ్చటగా పిలుచుకొనుట యిందువలననే. కన్యకాపరమేశ్వరి యమ్మవారిశాలలో జరుగు దసరా వేడుకలను చూడ దూరదూరములనుండి జనులు వత్తురు. మేము వెళ్ళునప్పటికి దసరా గడచిపోయెను. వీధులు మాత్రము పండుగ తీరనట్లే సందడిగా నుండెను. అక్కడ మా ఆడపడుచుగారి యింట దిగితిమి. ఆమె కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. మా దుఃఖము విని వాడు, "అత్తా, నీకు కావలసినది రా పటము," అనెను.

"రా" యనగా ఆంగ్లమున పచ్చిది, వండనిది యని యర్థము. మేము దానిని పచ్చిపటమని పిలుచుకొనుచున్నాము. వాడు చెప్పిన సంగతులను, తరువాత మేము చదివి తెలిసికొన్న వానిని మన వంటింటి భాషలో ఇచ్చట వ్రాయుచున్నాము.

ఫోనులోని కెమెరా కన్ను వెనుక సెన్సారు అను చిన్న పలక యున్నది. దానిపై లక్షలకొలది గడులు. మా ఫోను తీయు పచ్చిపటమున వాని లెక్క ఒక కోటి ఇరువది లక్షలు. ప్రతి గడియు తనపై బడిన వెలుతు రెంతయో కొలుచునే గాని, దాని రంగును ఎరుగదు. అందుచే ఒక్కొక్క గడిపై ఒక్కొక్క రంగు జల్లెడను కప్పుదురు. నాలుగింట రెండు పచ్చనివి, ఒకటి ఎఱ్ఱనిది, ఒకటి నీలము. ముగ్గు చుక్కలవలె వరుస తప్పక సాగు ఈ యమరికను కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ అను నాతడు కనిపెట్టగా 1976లో దానికి పేటెంటు లభించెను. నేటికిని చాల ఫోనులలో నున్నది దాని పోలికయే. ఈ గడుల లెక్కలను ఉన్నవి యున్నట్లు దాచిపెట్టినచో అది పచ్చిపటము. మనము రోజును చూచు ఫోటో యట్టిది కాదు. మీట నొక్కిన రెప్పపాటులో ఫోను ఆ లెక్కల నన్నిటిని కలిపి, రంగు లమర్చి, గరుకును నునుపు చేసి, అంచులకు పదును పెట్టి, తనకు అక్కరలేదని తోచిన దానిని పారవైచి, మిగిలినదానిని చిన్న పొట్లముగా కట్టి యిచ్చును. దీనిని జెపెగ్ అందురు. పచ్చిపటము కడిగి యుంచిన బియ్యము. జెపెగ్ ఎవరో వండి వార్చి పోపు పెట్టి యిచ్చిన పులిహోర. ఆకలికి పులిహోరయే మేలు. కాని పులిహోరను మరల పాయసము చేయగలవా రెవ్వరు?

లెక్కకూడ చెప్పవలెను. జెపెగ్‌లో ఒక్కొక్క రంగునకు చీకటి మొదలు వెలుగు వరకు 256 మెట్లు మాత్రమే. ఫోనుల పచ్చిపటములలో సాధారణముగా 1024 మెట్లుండును, కొన్నిట 4096. మెట్లు దగ్గరగా నున్నకొలది నీడలోని చిన్న భేదములు సయితము నిలుచును. అందుకు తగిన వెల యున్నది. ఒక్కొక్క గడికి రెండు బైట్ల చొప్పున మా ఫోనులో ఒక పచ్చిపటము 24 మెగాబైట్లు. వండిన చిత్రము నాలుగైదు మెగాబైట్లకు మించదు. నూరు పచ్చిపటములు తీసినచో 2400 మెగాబైట్ల చోటు పోవును. గాదె చిన్నదైన యింట ఏటి ధాన్యము నింపబూనినట్లే.

ఈ పద్ధతి మరీ క్రొత్తది కాదు. అడోబీ సంస్థ 2004లో డి.ఎన్.జి. అను పేర పచ్చిపటములకు ఒక ఉమ్మడి సంచిని ఏర్పరచెను. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ ఐదవ కూర్పుతో ఆ జాతి ఫోనులకును, 2016లో ఐఫోనులకును పచ్చిపటము తీయు వెసులుబాటు కలిగెను. అంతకు ముందు మాట యేమనగా, మన పూర్వికుల గాజుపలకల నెగటివులు ఇట్టివియే. పలక మాతృక, దానినుండి ఎన్ని ప్రతులైనను, ఎంత నలుపుగానైనను, ఎంత తెలుపుగానైనను అచ్చొత్తవచ్చును. హైదరాబాదులో రాజా దీనదయాళుగారు 1892లో ఘోషా స్త్రీలకొరకై ప్రత్యేకముగా ఒక జనానా చిత్రశాలను తెరచి, అందు చిత్రములు తీయు పనిని ఒక ఆంగ్లవనితకు అప్పగించిరి. ఆ కాలపు స్త్రీలకు తమ రూపము తమకు దక్కుట యెంత యబ్బురమో! నేడు మన చేతిలోనే చిత్రశాల యున్నది. దాని మాతృకను మాత్రము మనకు తెలియకుండనే పారవేయుచున్నాము.

ఆ సాయంకాలము అత్తగారికి చీర కొనుటకై బజారునకు పోతిమి. అక్కడ మాకు రెండవ పాఠము దొరకెను. దుకాణములో దీపముల క్రింద తేనెరంగుగా కనబడిన నేతచీరను మేము అలవాటు చొప్పున వాకిటికి తెచ్చి చూచితిమి. బయట అది లేత గోధుమవన్నె. మేనల్లుడు నవ్వి, "అత్తా, ఇప్పుడు నీవు చేసినదానినే కెమెరావారు వైట్ బ్యాలెన్స్ అందురు," అనెను. దీపపు వెలుతురు పసుపు. మబ్బు వెలుతురు నీలము. మన కన్ను ఆ భేదమును తనంత సవరించుకొనును. యంత్రము మాత్రము ఊహించి సవరించును. జెపెగ్‌లో ఆ యూహ ఉడికిపోయిన పప్పువంటిది. పిమ్మట మార్చబోయినచో రంగులు చెడును. పచ్చిపటములో అది వ్రాసిపెట్టుకొన్న చీటి మాత్రమే. ఇంటికి వచ్చిన తరువాతనైనను మార్చుకొనవచ్చును. చీరను వాకిట చూచి కొనుట తెలిసిన ప్రతి యిల్లాలికిని ఈ విద్యలో సగము వచ్చినట్లే.

రాత్రి పడుకొనబోవునప్పుడు మా అమ్మాయి ఫోను చేతబట్టుకొని అద్దమువలె తన ముఖమును చూచుకొనుచుండెను. మేము వంగి చూడగా, తెరలోని పిల్ల మా పిల్లకంటె రెండు వన్నెలు తెలుపు. "ఇట్లుంటే బాగుంటాను గదమ్మా?" అని యడిగినది. మాకు మాట రాలేదు. గోడమీది మా యమ్మ చిత్రము కన్నులయెదుట మెదలినది.

మరునాడు జమ్మలమడుగు చేరి, ఊరిలో ఫలహారము చేసి, పదునైదు కిలోమీటర్ల దూరముననున్న గండికోటకు ఆటోలో పోయితిమి. దారి పొడుగున నల్లరేగడి చేలలో శనగ మొలకలెత్తి యుండెను. నాపరాళ్ళను దొంతరలుగా పేర్చి గట్లుగా పెట్టిన పొలములు, నాపబండలు పరచిన యరుగులు. నేల నల్లన, రాయి బూడిదవన్నె. కొండ యెక్కగానే యంతయు మారినది. ఎఱ్ఱమల కొండల రాయి నిప్పుకణికవలె ఎఱ్ఱన. ఆ కొండను పెన్న కోసికొని పోవుచుండగా ఏర్పడిన గండిని బట్టియే కోటకు గండికోట యను పేరు. లోయ లోతు సుమారు 300 అడుగులు. ఇరువైపుల రాతి పలకలు ఇటుకలు పేర్చినట్లు వరుసలు దీరి యుండును. వానిని పేర్చిన మేస్త్రి మాత్రము కానరాడు.

ఈ కోటను పెమ్మసాని నాయకులు విజయనగరపు సామంతులుగా ఏలిరి. పదునేడవ శతాబ్ది నడుమ గోలకొండ సేనాని మీర్‌జుమ్లా దీనిని పట్టుకొనెను. ఆ పిమ్మట 1652లో టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఇచ్చటికి వచ్చి మీర్‌జుమ్లాను కలిసికొని, చూచినది గ్రంథస్థము చేసెను. నేడు కోటలోపల మాధవరాయ దేవాలయము, రంగనాథ దేవాలయము, జామామసీదు, పెద్ద ధాన్యాగారము చూడవలసినవి. మాధవరాయ దేవాలయపు గోపురము ఎఱ్ఱరాతిపీఠముపై ఆకాశమును తాకుచున్నట్లుండును. లోపల గర్భాలయమున మూర్తి లేదు, దీపము లేదు. పూజ లేని గుడిని చూచినపుడు, పెద్దవారు పోయిన యింటిని చూచినట్లు మనసు కలుక్కుమనును.

ఆ మండపములోనే మాకు గర్వభంగమైనది. స్తంభములపై బొమ్మలు చీకటిలోను, వాటి నడుమగా కనబడు గోపురము మిట్టమధ్యాహ్నపు ఎండలోను ఉండెను. పచ్చిపటమున అన్నియు నిలుచునని వినియుంటిమి గదా యని, చీకటిలోని బొమ్మలు కనబడునంతగా వెలుతురు పెంచి మీట నొక్కితిమి. సాయంకాలము పర్యాటకశాఖవారి హరిత విడిదిలో కూర్చుండి తెరచి చూచితిమి. బొమ్మలు చక్కగా వచ్చినవి. గోపురమున్న చోట తెల్లని కాగితము! ఎంత దించినను తెలుపు బూడిదరంగాయెనే గాని గోపురము రాలేదు. మేనల్లునితో ఫోనులో మొరపెట్టుకొనగా, "గడి నిండి పొంగిపోయిన తరువాత ఎంత పోసితిమో ఎవరు చెప్పగలరత్తా? 1023 అంకెకు పైన దానికి లెక్క రాదు," అనెను.

అంతట మాకు బోధపడినది. ఉప్పు తక్కువైన కూరలో మరల వేసికొనవచ్చును. ఎక్కువైనదానిని తీయుట బ్రహ్మతరము కాదు. పచ్చిపటమున వెలుగును ఉప్పువలె చూచుకొనవలెను. చిత్రములో అన్నిటికంటె తెల్లనిది ఏదియో చూచి, అది పొంగకుండునంత తగ్గించి తీయవలెను. నీడలను తరువాత పైకి తేవచ్చును. దానికిని హద్దున్నది. మిక్కిలి లేపినచో నీడలో ఇసుక చల్లినట్లు గరుకు తేలును. ఫోను సెన్సారు మన చిటికెనవ్రేలి గోరంత మాత్రమే గనుక ఆ గరుకు పెద్ద కెమెరాలకంటె దీనిలో నెక్కువ. దానిని తగ్గించుటకు ఐ.ఎస్.ఒ. అను అంకెను 100 దగ్గర నుంచి, ఫోనును కదలని చోట ఆనించి, చేయి తగిలి వణకకుండ రెండు సెకండ్ల గడువు మీట పెట్టి తీయవలెను.

మరునాడు వేకువనే లేచి, స్వెట్టర్లు తొడిగికొని లోయ యంచునకు పోతిమి. ఫోనును ఒక బండమీద చుట్టగుడ్డపై నిలిపి యెదురుచూచితిమి. తూర్పు తెల్లవారి, ఎండ మొదట ఆవలి యొడ్డు పైవరుస రాతిని తాకి, మెల్లగా మెట్టు మెట్టు దిగివచ్చెను. అడుగున పెన్న ఇంకను చీకటిలో పచ్చగా నిద్రించుచుండెను. ఈసారి ఆకాశపు వెలుగును కాపాడి తీసితిమి. తెరపై ఆ చిత్రము నల్లగా, కళావిహీనముగా కనబడెను. మావారు చూచి, "ఇంత పొద్దున లేచినది దీనికా?" అనిరి. రాత్రి దానిలో నీడలను లేపగా, అడుగుననున్న నీటి మడతలు, రాతి సందుననున్న చెట్టు ఒక్కొక్కటిగా వెలువడినవి. మావారు అద్దములు సవరించుకొని చాలసేపు చూచిరి. అంతకంటె మెప్పు మాకక్కరలేదు.

న్యాయముగా ఇంకొక మాట. ఎల్లవేళల పచ్చిపటమే మేలని చెప్పరాదు. సాధారణ ఫోటోకై ఫోను ఒక్క రెప్పపాటులో పెక్కు చిత్రములు తీసి, వానిని కలిపి గరుకును అణచును. ఒంటిగా తీసిన పచ్చిపటమున ఆ సాయము లేదు. పరుగెత్తు పిల్లలకు, పెండ్లి పందిరి రాత్రులకు వండిన చిత్రమే సుఖము. 2018 తరువాత వచ్చిన కొన్ని ఫోనులు కలిపిన చిత్రములనే పచ్చిగా ఇచ్చుట నేర్చినవి. 2020లో ఐఫోనులలో కొన్నిట వచ్చిన ప్రోరా అట్టిదే. మా ఫోను అంత ఖరీదుది కాదు.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరునప్పటికి మధ్యాహ్నము దాటినది. ఊరి చుట్టుపట్ల చీనితోటలు, అరటితోటలు. అత్తగారి యిల్లు పాతకాలపు మట్టిమిద్దె. లోపల నాపబండల నేల. పైన మిద్దెకు గవాక్షి. రాయలసీమ మిద్దెలలో వెలుతురు దిగుటకై పైకప్పునకు పెట్టు ఈ కంతను మా అత్తగారు వానకు మూసి, ఎండకు తెరచుచు అరువదేండ్లుగా కాపాడుకొనుచున్నారు.

కాళ్ళు కడుగుకొని కూర్చున్న పిదప వచ్చిన పని చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడక, "అమ్మీ, పోయినేడు పెండ్లిలో ఒకాయన నన్ను తీసినాడు. సూసి ఇదెవరో అనుకుంటి. నా మొగం మింది గీతలన్నీ యాడికి పోయినాయి? ఎనబయ్యేండ్లు పడి సంపాదిచ్చుకున్నెవి గదా. నన్ను నల్లగానే తియ్యి," అనిరి. మా అమ్మాయి ఆ మాటకు తల వంచుకొనినది. అత్తగారు దాని చేయి పట్టుకొని, తన చేతి ప్రక్క పెట్టి చూచి, "దీనిది నా రంగే," అని నవ్విరి.

మరునాటి యుదయము గవాక్షి మూత తీసితిమి. మొదట ఎండ నిట్టనిలువుగా బండమీద పడి కన్నులు చెదరగొట్టెను. ఆ వెలుతురులో ముఖము సగము మంట, సగము మసి యగును. ఎండ ప్రక్కకు జరిగి సున్నపుగోడపై బడి, అక్కడనుండి తిరిగి వచ్చు మెత్తని వెలుతురు గదిలో నిండువరకు ఆగితిమి. అత్తగారు క్రొత్తచీర కట్టుకొని పీటపై కూర్చుండిరి. ఆ గదిలో అన్నిటికంటె తెల్లనివి ఆమె వెండ్రుకలు. వానిలో నొక్కొక్క పోగు పొంగకుండునట్లు వెలుతురు తగ్గించి, ఫోనును పప్పుడబ్బాపై ఆనించి, పదునొకండు పటములు తీసితిమి. కడపటిది, ఆమె చేయి మా అమ్మాయి చేతిని పట్టుకొని యున్నది.

ఇల్లు చేరిన రాత్రి వంట మొదలుపెట్టితిమి. పచ్చిపటమును తెరచుటకు ఫోనులో స్నాప్‌సీడ్, లైట్‌రూము వంటి ఆప్‌లు కలవు. కంప్యూటరు గలవారికి డార్క్‌టేబుల్, రా థెరపీ యని వెల లేకయే దొరకునవి రెండున్నవి. తొలుత తెరచినప్పుడు పచ్చిపటము వెలవెలబోయి, ఉప్పుకారములు లేని చప్పిడికూటివలె నుండును, భయపడరాదు. మేము చేసిన వరుస యిది: మొదట చీరయంచు తెలుపును చూపి వైట్ బ్యాలెన్స్ సరిచేసితిమి. పిదప మొత్తము వెలుతురును కొంత పెంచితిమి. వెండ్రుకల తెలుపును కొంచెము దించి, కన్నుల క్రింది నీడను కొంచెము లేపితిమి. తరువాత గరుకును తగ్గించితిమి. దీనిని మితముగా చేయవలెను, లేనిచో మడతలును దానితో పోవును. తుదకు అంచుల పదును. ఈ మార్పులన్నియు ఒక చీటిలో వ్రాసికొన్నట్లుండునే గాని, క్రిందనున్న పచ్చిపటము చెక్కుచెదరదు. నచ్చనిచో మొదటినుండి మరల మొదలుపెట్టవచ్చును.

ఇంతవరకు బాగుగనే యున్నది. అచ్చటనే మా చేయి పట్టుతప్పినది. వెలుతురు మీటను ఇంకొంచెము జరిపితిమి. ముఖము కొంచెము విచ్చుకొన్నట్లు తోచినది. ఇంకొంచెము. నీడలను ఇంకొంచెము. ఎవరును చెప్పలేదు, ఏ "అందము" మీటయు లేదు, మా వ్రేలే ఆ పని చేయుచున్నది. తెలుపే మేలను మాట మనలో నెంత లోతున నాటుకొని యున్నదో ఆ రాత్రి మాకు తెలిసినది. అదే మార్పును చేతుల చిత్రమునకును పెట్టి, అమ్మాయిని పిలిచి చూపితిమి.

అది తన చేతిని తెర ప్రక్కన పెట్టి, ఇటు నొకసారి అటు నొకసారి చూచి, "అమ్మా, తప్పు వచ్చింది. నా చెయ్యి ఇట్లా ఉండదే," అనినది.

మేము ఆ చీటినంతయు చెరిపి మరల మొదలుపెట్టితిమి. ఈసారి అమ్మాయి చేతిని తెర ప్రక్క నుంచుకొని, అది సరియన్న చోట ఆగితిమి. పచ్చిపటము తనంత సత్యము చెప్పదు. సత్యము చెప్పుటకు మనకు చోటు మిగుల్చును. అంతే. శ్రీమద్భాగవతమున ఉషాకన్య కలలో చూచినవానిని ఎరుగుటకై చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల నందరిని పటములపై వ్రాసి చూపినది గదా. ఆమె అందరికిని ఒకే నునుపు, ఒకే తెలుపు పూసియున్నచో ఉష అనిరుద్ధుని ఎట్లు గుర్తుపట్టి యుండును?

చిత్రమును అచ్చొత్తించి పులివెందులకు పంపితిమి. బంధువులకు ఫోనులో పంపునప్పుడు ఫోటోగా గాక డాక్యుమెంటుగా పంపితిమి. లేనిచో సందేశపు ఆప్‌లు మరల కుదించి చెరచును. నాలుగు దినములకు అత్తగారు ఫోను చేసి, "అమ్మీ, ఈ ముసిల్ది నేనే," అని మాత్రమనిరి. ఆ గొంతులోని సంతోషము మాకు వినబడినది.

సోదరీమణులకు మా మనవి యిది. మీ ఫోనులో "అందము" అను మీట యెక్కడనున్నదో వెదకి, దానిని మూయుడు. కెమెరాలో "ప్రో" అను చోట "రా" యను మాట యున్నదేమో చూడుడు. లేనిచో ఆ సౌకర్యమిచ్చు ఆప్ మీ ఫోనునకు సరిపడునేమో కనుగొనుడు. ప్రతి కూరను, ప్రతి ముగ్గును పచ్చిగా తీసి చోటు నింపుకొనవలదు. ఇంటి పెద్దలను మాత్రము, సంవత్సరమున కొకమారు, కిటికీ ప్రక్కను కూర్చుండబెట్టి, వారికి అలవాటైన చీరలోనే తీసి, ఆ మాతృకలను రెండు చోట్ల దాచుడు.

మా యమ్మ చిత్రము గోడపై అట్లే యున్నది. దానిలో లేని మచ్చను ఏ ఆప్‌ను తిరిగి తేజాలదు. మా అమ్మాయి మొన్న దానిముందు నిలిచి, "అమ్మమ్మకు మచ్చ ఏ ప్రక్కన ఉండేది?" అని యడిగినది. కుడి ప్రక్కనని చూపితిమి. అది తన చెంపపై ఆ చోట వ్రేలుంచుకొని కొంతసేపు అట్లే నిలిచినది.